ఇంట్లో స్విచ్ ఎవరి చేతిలో ఉంది? స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్, అంటే ఎన్నో కంపెనీల సర్వర్లు నడిపే సేవ, ఆగిపోయేసరికి ఎయిట్ స్లీప్ అనే కంపెనీ స్మార్ట్ పరుపులు కొన్ని వేడెక్కిపోయాయి, కొన్ని తల వైపు లేచి అలాగే ఉండిపోయాయి. అసలు ఈ పరికరాలు మన మాటలు వింటున్నాయా?

కార్యకర్త: వినడం సంగతి తర్వాతండీ. పరుపు దించడానికి ఎక్కడో ఉన్న సర్వర్ ఎందుకు? పక్కన ఒక బటన్ పెడితే సరిపోయేది కదా!

ఇంజినీర్: ఒక్క నిమిషం. అది పరుపు తీసుకున్న నిర్ణయం కాదు, కనెక్షన్ పోయింది. తర్వాత బ్లూటూత్‌తో నడిచే పద్ధతి కూడా ఇచ్చారు...

కార్యకర్త: తర్వాత! గొడవయ్యాక! 2022 ఆగస్టు 30న అమెరికాలోని కొలరాడోలో ఎండ మండిపోతుంటే ఎక్సెల్ ఎనర్జీ అనే కరెంటు కంపెనీ దాదాపు 22 వేల మంది థర్మోస్టాట్లు, అంటే ఏసీ చల్లదనాన్ని సెట్ చేసే పరికరాలు, లాక్ చేసింది. ఉక్కపోస్తోందని గోడ దగ్గరికెళ్లి సెట్టింగ్ మారుస్తుంటే తెర మీద 'ఎనర్జీ ఎమర్జెన్సీ' అని వస్తుంది, అంకె మాత్రం కదలదు. సొంత ఇంట్లో!

లాయర్: వాళ్లంతా కంపెనీ తమ ఏసీ సెట్టింగ్ మార్చుకోవచ్చనే పథకంలో ఇష్టపడి చేరినవాళ్లే మేడం. చేరగానే 100 డాలర్లు, ఆపైన ఏటా 25 డాలర్లు. గ్రిడ్ కుప్పకూలితే అందరికీ...

కార్యకర్త: చేరారు, కాదనను. మామూలు రోజుల్లో మళ్లీ మార్చుకునే వీలుండేది, దాన్నే ఆ రోజు తీసేశారు. నేను అడిగేది అదొక్కటే, చివరి మాట ఇంట్లో ఉన్నవాళ్లది కావాలి!

యాంకర్: మాటంటే గుర్తొచ్చింది, వినే విషయం. 2018లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక కుటుంబం మాటల్ని, 'అలెక్సా' అని పిలిస్తే పలికే అమెజాన్ స్పీకర్ వాళ్ల కాంటాక్ట్‌లో ఉన్న మనిషికే పంపేసింది కదా?

ఇంజినీర్: అవును. అమెజాన్ చెప్పిందేంటంటే, ఏదో మాట 'అలెక్సా' అన్నట్టు వినిపించి లేచింది, ఇంకో మాట 'మెసేజ్ పంపు' అనిపించింది, 'ఎవరికి?' అని అడిగితే ఏదో పేరులా వినపడింది, చివరికి 'రైట్' అన్నట్టు కూడా వినపడింది. అరుదైన...

కార్యకర్త: చూశారా, అడిగిందీ అదే, జవాబు వచ్చిందనుకున్నదీ అదే! ఇంట్లోవాళ్లకి తెలియనే తెలియదు. మోషన్ సెన్సర్ లైట్లదీ ఇదే వరస. పెద్దాయన కదలకుండా పుస్తకం చదువుకుంటుంటే ఎవరూ లేరనుకుని ఆర్పేస్తుంది, ఆయన చెయ్యి ఊపుతూ కూర్చోవాలి.

ఇంజినీర్: అది పాత రకం సెన్సర్. వేడి కదిలితేనే పట్టుకుంటుంది. రాడార్ రకాలు ఊపిరి కదలికను కూడా...

యాంకర్: రాడారా! అంటే మన ఊపిరి కూడా వింటోందా?

ఇంజినీర్: వినడం కాదండీ, కదలిక...

లాయర్: నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. బాధ్యత ఎవరిదన్నది ఒప్పందంలో...

కార్యకర్త: ఒప్పందాలు చదివేదెవరు సార్! 2021 నుంచి అలెక్సా మనల్ని అడక్కుండానే లైటు ఆర్పగలదు.

ఇంజినీర్: మనం ఆన్ చేసుకుంటేనే!

కార్యకర్త: ఇంట్లో ఒకరు ఆన్ చేస్తే మిగతావాళ్ల సంగతి? అత్తగారిని అడిగారా, పిల్లల్ని అడిగారా? ఆ స్విచ్ గోడ మీద ఉండాలి, ఫోన్‌లో కాదు.

యాంకర్: టైమ్ అయిపోయింది. ముగ్గురికీ సమానంగా అవకాశం ఇవ్వాలనుకున్నాం. లాయర్ గారూ, పది సెకన్లలో, వింటున్నాయా లేదా?

లాయర్: నేను చెప్పాలనుకున్నది అది కాదండీ...

కార్యకర్త: గోడ మీద స్విచ్ లేకుండా అమ్మనివ్వకూడదు, రాసుకోండి!