సొంత కథలు, పరాయి కథలు: కెన్ లియూ

శ్రోతలకు నమస్కారం. కడపలో సి.పి. బ్రౌన్ పేరు వినని వాళ్లు తక్కువ. 1820లో కంపెనీ కొలువు మీద ఇక్కడికొచ్చిన ఆ దొర, కచేరీ పని చూసుకుంటూనే వేమన పద్యాలు పోగేసి ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1829లో అవి అచ్చయ్యాయి. జీతం ఒక పనికి, ప్రాణం ఇంకో పని మీద. ఈ కాలంలో అలాంటి మనిషే కెన్ లియూ.

ఈయన 1976లో చైనాలోని లాంజౌలో పుట్టాడు. పదకొండేళ్లప్పుడు అమెరికా చేరాడు. హార్వర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. అది చాలదన్నట్టు మళ్లీ లా చదివి వకీలయ్యాడు. ఇన్నిటి నడుమ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు రాశాడు. మొదట్లో ఒక కథ ఎవరూ వేసుకోక తిరిగొస్తుంటే, దాన్నే చెక్కుతూ కొన్నేళ్లు కొత్తవి రాయడమే మానేశాడు. చివరికది 2009లో అచ్చయింది. పట్టుదల అని మెచ్చుకుంటారేమో గానీ, ఒక్క కథ మీద అంత మొండితనం నాకైతే నచ్చలేదు.

2011లో వచ్చిన ‘ది పేపర్ మెనాజెరీ’లో ఇంగ్లీషు సరిగా రాని చైనా తల్లి ఉంటుంది. ఏడ్చే కొడుకును ఊరుకోబెట్టడానికి, కానుకకు చుట్టిన కాగితాన్ని బల్ల మీద పరుస్తుంది. మడిచి, నొక్కి, నోటి దగ్గర పెట్టుకుని ఊదుతుంది. అంతే, రెండు పిడికిళ్లంత కాగితప్పులి తోకాడించి గుర్రుమంటుంది! పెద్దవుతున్న కొద్దీ పిల్లాడికి ఆ పులీ నచ్చదు, అమ్మ మాటా నచ్చదు. ఇంగ్లీషు మీడియం మనవడి ముందు బిక్కమొహం వేసే అవ్వలు మన వీధుల్లో లేరా? సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే పెద్ద బహుమతులు హ్యూగో, నెబ్యులా, వరల్డ్ ఫాంటసీ మూడూ ఒకే కథకు రావడం అదే మొదటిసారి.

అనువాదం అనుకోకుండా తగులుకుంది. చెన్ చ్యూఫాన్ అనే చైనా రచయిత, స్నేహితుడే, తన కథకు ఎవరో చేసిన ఇంగ్లీషు అనువాదం చూసిపెట్టమన్నాడు. ఈయనకు దిద్దేకన్నా కొత్తగా చేయడమే తేలికనిపించింది. ఆ తర్వాత మరో చైనా రచయిత లియూ త్సిషిన్ నవల ‘ది త్రీ-బాడీ ప్రాబ్లెమ్’ చేతికొచ్చింది. చైనీస్ పుస్తకంలో సాంస్కృతిక విప్లవం, అంటే మావో కాలంలో చదువుకున్నవాళ్ల మీద సాగిన దాడుల అధ్యాయాలు నడిమధ్యలో ఉన్నాయి. వాటిని ముందుకు తెద్దామా అని కెన్ లియూ అడిగాడు. నేను మొదట అనుకున్నదీ అదేనన్నారు రచయిత. 1967లో, నిండు సభలో, కూతురు చూస్తుండగానే ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్‌ను కొట్టి చంపే ఘట్టం అది. అది చదివాక ఆ కూతురికి మనుషుల మీద నమ్మకం ఎందుకు పోయిందో వేరే చెప్పక్కర్లేదు. వాక్యానికి వాక్యం అప్పజెప్పేవాడికి ఇలా అడగాలనే తోచదు. సొంతంగా కథలు కట్టినవాడు గనక అడిగాడు.

ఆ అనువాదం 2014లో వచ్చింది. మరుసటేడు హ్యూగో గెలిచింది. అనువాద నవలకు ఆ బహుమతి దక్కడం అదే ప్రథమం. 2016లో హావ్ జింగ్‌ఫాంగ్ రాసిన ‘ఫోల్డింగ్ బీజింగ్’ కథకూ హ్యూగో వచ్చింది, ఆ ఇంగ్లీషూ ఈయనదే. అన్నట్టు, ‘ది త్రీ-బాడీ ప్రాబ్లెమ్’ అట్ట మీద అనువాదకుడి పేరు కూడా ఉంటుంది. మన దగ్గర చాలాసార్లు లోపలి పేజీల్లో వెతుక్కోవాలి.

చదవాలనుకునేవాళ్లు కాగితప్పులితో మొదలుపెట్టండి. నవలలో ఫిజిక్స్ మొదట కాస్త టెన్షన్ పెడుతుంది. నమస్కారం.