‘నరాల వీక్‌నెస్’ అంటే అసలు ఏ జబ్బు?

అందరికీ నమస్తే. మన వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికైనా పోండి. చెయ్యి వణికితే నరాల వీక్‌నెస్. అరికాళ్ళు మండితే నరాల వీక్‌నెస్. పిల్లగాడు ఫిట్స్‌తో పడిపోతే నరాల వీక్‌నెస్. ఇంట్లో ఒకావిడ నెల రోజులుగా నిద్రలేక ఏడుస్తుంటే అదీ నరాల వీక్‌నెస్సే. మందు కూడా అన్నిటికీ ఒకటే, ఆ ఎర్ర ఇంజెక్షన్! వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. ఇదీ నరాల వీక్‌నెస్సే అనకండి మళ్ళీ.

పొలం కాడ బోరు మోటారు తిరగట్లేదనుకోండి. ‘కరెంటు ప్రాబ్లం’ అంటే లైన్‌మన్ ఊరుకుంటాడా? ట్రాన్స్‌ఫార్మర్‌లోనా, వైరులోనా, మోటారులోనా అని అడుగుతాడు. మన ఒంట్లో మెదడు ట్రాన్స్‌ఫార్మర్, నరాలు వైర్లు, కండరాలు మోటార్లు.

(బోర్డు మీద గీస్తూ)

ముందు వైర్లు. షుగర్ ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే అన్నిటికన్నా పొడుగు నరాలు ముందు దెబ్బతింటాయి. అందుకే మంటలు, తిమ్మిర్లు పాదాల్లో మొదలవుతాయి. దీన్ని న్యూరోపతి అంటారు. ఆ ఎర్ర ఇంజెక్షన్ బి12 విటమిన్. ఒంట్లో బి12 తక్కువుంటే బాగా పనిచేస్తుంది. మెట్‌ఫార్మిన్ చాలాకాలం వాడేవాళ్ళలో అది తగ్గే అవకాశం ఉంది, టెస్టు చేయించుకోవాలి. లోపం లేనివాళ్ళకి మాత్రం ఆ సూదితో ఒరిగేదేమీ లేదు.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. దాంట్లో ఆయిల్ ఉంటుంది కదా, అది కారిపోతే కాయిల్ కాలిపోతుంది. మెదడుకి ఆ ఆయిల్ రక్తం. రక్తనాళం మూసుకుపోయినా చిట్లినా అక్కడి భాగం దెబ్బతింటుంది. అదే పక్షవాతం, స్ట్రోక్. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతే దెబ్బ మెదడు ఎడమ పక్కన. మనవాళ్ళేమో చేతికి నూనె రాస్తారు! ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంటే మోటారు కడిగినట్టు. గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అది కూడా స్కాన్ చేసి, రక్తస్రావం లేదని తేలాకే. పసరు కోసం ఇంకో జిల్లాకి కారు కట్టించుకుని పోతే ఆ టైమంతా రోడ్డు మీదే అయిపోతుంది.

ఫిట్స్ సంగతి వేరు. ఇక్కడ ఆయిల్ బాగానే ఉంది. ఒక్కసారిగా హై వోల్టేజ్ వచ్చి, లైన్ మీదున్న మోటార్లన్నీ కొట్టుకుంటాయి. చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగిందని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయండీ, పేరు తాళాలకొచ్చింది! చేయాల్సింది చిన్న పని. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా అదిమిపట్టకండి. ఐదు నిమిషాలు దాటితే 108.

ఒక్కసారి ఫిట్స్ రాగానే మూర్ఛవ్యాధి అని ముద్ర వేయకండి. చిన్నపిల్లలకి జ్వరంలో వచ్చే ఫిట్స్ సాధారణంగా మూర్ఛవ్యాధి లెక్కలోకి రావు. అసలు మూర్ఛ ఉన్నా, సరైన మందులు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకుల కింద ఉన్న మూర్ఛ అనే మాటని 1999లోనే తీసేశారు. సంబంధాలు చూసేటప్పుడు మనవాళ్ళ మనసులోంచి ఇంకా తీయలేదు.

ఇంకోటి. ఫిట్స్ లాగే కొట్టుకుంటారు, కానీ ఆ టైంలో ఈఈజీ, అంటే మెదడులో కరెంటు చూసే పరీక్ష, తీస్తే హై వోల్టేజ్ కనపడదు. వీటిని ఫంక్షనల్ సీజర్స్ అంటారు. ‘నాటకాలాడుతోంది’ అనేస్తారు ఆ అమ్మాయిని. నాటకం కాదు, ఆమె చేతుల్లో లేదు, దానికీ చికిత్స ఉంది. మేడారంలో వచ్చే పూనకం సంగతి నేను మాట్లాడట్లేదు, దాన్ని జబ్బు అని కామెంట్లలో నాతో అనిపించకండి. ఎలాంటి ఫిట్స్ అయినా సరే, పక్కనున్నవాళ్ళు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

ఇప్పుడు డిప్రెషన్. ఎంఆర్ఐ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్. లైన్‌మన్ డబ్బా తెరిచి చూస్తే ఏదీ కాలలేదు, కానీ లో వోల్టేజ్, మోటారు ఎత్తుకోదు. మెదడు ఇంత సింపుల్ కాదు, నా ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కాస్త కుంటుతుంది, ఒప్పుకుంటా. అయినా ‘రిపోర్టులన్నీ బాగున్నయ్, నీకేం రోగం’ అనే మాట ఎంత తప్పో దీంతో తెలుస్తుంది. రెండు వారాలకి పైగా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, ఒళ్ళు నొప్పులు ఉంటే చూపించుకోవాలి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపేయకండి. సైకియాట్రిస్టు దగ్గరికి పొమ్మంటే ‘నన్ను ఎర్రగడ్డకి పంపుతావా’ అని కోపం. ఎర్రగడ్డ కూడా ఆసుపత్రేనండీ, తిట్టు కాదు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. పార్కిన్‌సన్స్‌లో మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలు తగ్గుతాయి. వణుకే కాదు, నడక నెమ్మదిస్తుంది, అక్షరాలు చిన్నవైపోతాయి. వణికే ప్రతి చెయ్యీ అదే కాదు, థైరాయిడ్ ఎక్కువైనా వణుకుతుంది. స్కిజోఫ్రెనియా అంటే సినిమాల్లో చూపించినట్టు ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు కాదు. లేని మాటలు వినపడటం, లేని అనుమానాలు గట్టిగా నమ్మడం. బాణామతి అని తిప్పకండి, మందులున్నాయి. పానిక్ అటాక్‌లో గుండె దడ, చచ్చిపోతానన్న భయం నిమిషాల్లో పెరుగుతాయి. మొదటిసారి వస్తే మాత్రం గుండె పరీక్ష తప్పకుండా చేయించండి.

నంబరు రాసుకోండి, టెలీ మానస్, మానసిక సమస్యలకి ఫోన్ హెల్ప్‌లైన్, 14416. ప్రభుత్వానిదే, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఫ్రీ. మైగ్రేన్ అడిగినవాళ్ళకి వచ్చే వీడియోలో చెబుతా.