రాజ్‌గిర్ ఫైనల్లో ఒకే గోల్: పెనాల్టీ కార్నర్‌ను విప్పి చూద్దాం

హోస్ట్: నమస్కారం. 2024 నవంబర్ 20, బీహార్‌లోని రాజ్‌గిర్. మహిళల హాకీ ఏషియన్ చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. ఇండియా 1, చైనా 0. ఆ చైనా ఏమీ తేలికైన జట్టు కాదు, ఆగస్టులోనే పారిస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచి వచ్చింది. మ్యాచ్ మొత్తం కాకుండా ఇవాళ ఆ ఒక్క గోల్ సంగతే మాట్లాడుకుందాం మేడం.

కోచ్: 31వ నిమిషం అంటే మూడో క్వార్టర్ అప్పుడే మొదలైంది. పెనాల్టీ కార్నర్ వచ్చింది, అంటే డిఫెన్స్ తప్పుకు అటాకింగ్ జట్టుకు ఇచ్చే గోల్ అవకాశం. దీపిక రివర్స్ హిట్‌తో, అంటే స్టిక్‌ను తిప్పి ఎడమ వైపు నుంచి కొట్టే దెబ్బతో, లోపలికి కొట్టింది. పీసీ (పెనాల్టీ కార్నర్) అనగానే మనవాళ్లకు డ్రాగ్ ఫ్లిక్కే, అంటే బంతిని స్టిక్‌తో లాక్కొచ్చి విసిరే షాటే గుర్తొస్తుంది. ఇది డ్రాగ్ ఫ్లిక్ కాదు, గమనించండి.

హోస్ట్: కొత్తగా చూసేవాళ్ల కోసం ముందు కొలతలు చెప్తారా?

కోచ్: గోల్ పోస్టు నుంచి కనీసం 10 మీటర్ల దూరంలో, బ్యాక్‌లైన్ మీద, అంటే గోల్ ఉన్న వైపు మైదానం చివరి గీత మీద, బంతి పెడతారు. అక్కడి నుంచి తోసే అమ్మాయి ఇంజెక్టర్. మిగతా అటాకర్లందరూ డి, అంటే గోల్ ముందున్న అర్ధవృత్తం లాంటి గీత, బయటే ఉండాలి. డిఫెండింగ్ జట్టులో గోల్ కీపర్‌తో కలిపి ఐదుగురే బ్యాక్‌లైన్ వెనక ఉంటారు, మిగతావాళ్లు సెంటర్ లైన్ అవతలికి వెళ్లాలి. బంతి డి దాటి బయటికొస్తే గానీ గోల్‌కు షాట్ కొట్టకూడదు.

హోస్ట్: అంటే ఎవరు ముందు చేరతారన్నదే పోటీ.

కోచ్: అదే అసలు విషయం. డి వ్యాసార్థం 14.63 మీటర్లు. ఇంజెక్టర్ దగ్గర్నుంచి డి పైభాగానికి లెక్క వేస్తే దాదాపు 19 మీటర్లు వస్తుంది. బంతి 19 మీటర్లు రావాలి, ఆగాలి, ఫ్లిక్ పడాలి. ఈలోపు గోల్ లైన్ నుంచి ఫస్ట్ రషర్, అంటే షాట్‌ను అడ్డుకోవడానికి ముందుగా దూసుకొచ్చే డిఫెండర్, 14 మీటర్లు పరిగెత్తి మీదికొచ్చేస్తుంది. పుష్ కాస్త మెత్తబడినా, ఆ బంతిని ఆపే స్టాపర్ దగ్గర అది ఒక్కసారి ఎగిరినా ఆ కార్నర్ పోయినట్టే. టీవీలో అందరూ ఫ్లిక్కర్‌నే చూస్తారు. పాడయ్యేది ఎక్కువగా అంతకు ముందు రెండు స్టెప్పుల్లోనే.

హోస్ట్: స్టాపర్ చేసే తప్పేంటి ఎక్కువగా?

కోచ్: స్టిక్‌ను నేలకు ఆనించి, పైభాగాన్ని బంతి వచ్చే వైపు కొద్దిగా వాల్చి పట్టాలి. చేతులు బిగపట్టకూడదు. బిగపడితే బంతి తగిలి వెనక్కి కొడుతుంది. ఒక జానెడు అటో ఇటో జరిగిందంటే ఫ్లిక్కర్ అడుగులు తప్పుతాయి. డ్రాగ్ ఫ్లిక్‌లో ఆఖరి అడుగు పొడుగ్గా పడుతుంది. ఎడమ కాలు బంతిని దాటి ముందు పడాలి, బంతి వెనకనే ఉండాలి. అక్కడి నుంచి స్టిక్‌తో లాక్కుంటూ వస్తూ నడుము తిప్పితే ఆ ఊపంతా బంతికి వెళ్తుంది. బంతి పాదానికి ఎదురుగా ఉంటే లాగడానికి చోటే ఉండదు, ఉత్త పుష్ అయిపోతుంది.

హోస్ట్: స్టిక్ కూడా వేరేది వాడతారు కదా?

కోచ్: ఫ్లిక్కర్లు లో బో వాడతారు, వంపు కింది భాగంలో ఉండేది. వంపు 25 మిల్లీమీటర్లు మించకూడదు, స్టిక్ అడుగు నుంచి 200 మిల్లీమీటర్ల పైనే ఉండాలి. కాకపోతే స్టిక్ మార్చినంత మాత్రాన ఫ్లిక్ రాదు, నడుము బలం ఉండాలి.

హోస్ట్: హిట్ కొడితే ఎత్తు నిబంధన ఉందిగా?

కోచ్: మొదటి షాట్ హిట్ అయితే గోల్ లైన్ దాటేటప్పుడు 460 మిల్లీమీటర్లు మించకూడదు. అంటే గోల్ లోపల చప్పుడు చేసే ఆ బోర్డు ఎత్తు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు, టాప్ కార్నర్‌కు కూడా లేపొచ్చు. అందుకే ఫ్లిక్కర్ ఉన్న జట్టంటే కీపర్‌కు తలనొప్పి.

హోస్ట్: అదే ఏడాది జనవరిలో రాంచీలో ఒలింపిక్ క్వాలిఫయర్ చూశాం. సెమీస్‌లో జర్మనీతో షూటౌట్‌లో ఓడి, మూడో స్థానం మ్యాచ్‌లో జపాన్ చేతిలో 0-1. పారిస్ చేజారింది.

కోచ్: జపాన్ ఆ గోల్ కూడా పెనాల్టీ కార్నర్ నుంచే కొట్టింది, ఆరో నిమిషంలోనే. మనకు కార్నర్లు వచ్చాయి, ఒక్కటీ పడలేదు. అంతెందుకు, రాజ్‌గిర్ సెమీస్‌లో అదే జపాన్‌ను 2-0తో కొట్టాం కానీ, నవనీత్ కౌర్‌ది పెనాల్టీ స్ట్రోక్ (కీపర్ ఒక్కరే ఎదురుగా ఉండగా కొట్టే షాట్), లాల్‌రెమ్‌సియామీది ఫీల్డ్ గోల్ (ఆట నడుస్తుండగా కొట్టింది). అక్కడా కార్నర్ నుంచి సున్నా. టైటిల్ గెలిచారు కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు గానీ, ఆ జబ్బు మాత్రం తగ్గలేదని నా అభిప్రాయం.

హోస్ట్: అయినా దీపిక 11 గోల్స్‌తో టాప్ స్కోరర్.

కోచ్: అందులో ఐదు థాయిలాండ్ మీదే, 13-0 మ్యాచ్‌లో. ఆ అమ్మాయిని తక్కువ చేయడం లేదు. కొరియాతో 2-2 దగ్గర 57వ నిమిషంలో స్ట్రోక్ కొట్టి గెలిపించింది కూడా తనే. కానీ ఫైనల్లో 42వ నిమిషంలో స్ట్రోక్ వస్తే చైనా కీపర్ ఆపేసింది. 6.40 మీటర్ల నుంచి కొట్టే షాట్ అది. ఇక మిగిలిన 18 నిమిషాలు ఒక్క గోల్ ఆధిక్యంతోనే లాగాల్సి వచ్చింది.

హోస్ట్: అప్పుడు మనవాళ్లు కార్నర్ ఇస్తే?

కోచ్: అప్పుడు రషరే దిక్కు. మాస్కు, గ్లవ్స్, మోకాలికి ప్యాడ్లు వేసుకుని ఫ్లిక్ దారిలోకి పరిగెడుతుంది. ఆ పిల్లల గుండె ధైర్యానికి దండం పెట్టాలి. షాట్‌కు ఐదు మీటర్ల లోపల ఉన్నప్పుడు మొదటి షాట్ ఆమెకు మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్. మామూలుగా నిలబడ్డప్పుడు మోకాలికి గానీ ఆ పైన గానీ తగిలితే ప్రమాదకరమైన షాట్ కింద డిఫెన్స్‌కే ఫ్రీ హిట్.

హోస్ట్: మన తెలుగువాళ్లకు కీపర్ అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎతిమరపు రజనియే గుర్తొస్తుంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. ఆ స్థానంలో ఉన్నవాళ్లు కార్నర్‌కు ఏం చేస్తారు?

కోచ్: రషర్ ఏ వైపు మూస్తుందో ముందే మాట్లాడుకుంటారు. రషర్ ఒక దారి మూస్తే కీపర్ రెండోది చూసుకుంటుంది, పోస్టు దగ్గర ఉన్న అమ్మాయి తన మూల కాస్తుంది. ఇద్దరూ ఒకే వైపు చూస్తే గోలే. ఇంకో తప్పు, తొందరపాటు. ఇంజెక్టర్ బంతి ఆడకముందే కీపర్ కాకుండా డిఫెండర్లలో ఎవరైనా లైన్ దాటితే ఆ అమ్మాయిని సెంటర్ లైన్ అవతలికి పంపేస్తారు, బదులు ఎవరూ రారు. మళ్లీ తీసే కార్నర్‌కు కాచేది నలుగురే.

హోస్ట్: రాజ్‌గిర్‌లో లైట్ల కింద పురుగుల గొడవతో మ్యాచ్ టైమింగులు ముందుకు జరిపారు కదా. పగటి ఎండ కార్నర్‌ మీద పడుతుందా?

కోచ్: పడకుండా ఎలా ఉంటుంది? అది నీళ్లు చల్లి ఆడే టర్ఫ్. తడి ఉంటే ఇంజెక్షన్ జారుకుంటూ సాఫీగా వస్తుంది. ఎండకు ఆరేకొద్దీ బంతి పట్టేసి చిన్నగా ఎగురుతుంది, స్టాపర్‌కు కష్టం. హాఫ్ టైమ్‌కు మళ్లీ నీళ్లు పెడతారు. మూడో క్వార్టర్ మొదట్లో వచ్చే కార్నర్‌కు టర్ఫ్ బాగా తడిగా ఉంటుందన్నమాట. మన గోల్ 31వ నిమిషంలో వచ్చిందిగా, రీప్లే దొరికితే ఇంజెక్షన్ ఎంత వేగంగా వచ్చిందో చూడండి.