ఫ్రెండ్ పెళ్లికి కెమెరా పట్టుకెళ్తే

శ్రోతలందరికీ నమస్కారమండి. మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే చాలు, ఇంట్లో మంచి కెమెరా ఉన్నవాళ్ళకి ఎవరో ఒక ఫ్రెండ్ ఫోన్ చేస్తాడు, "ఒరేయ్, స్టూడియో వాళ్ళు ఎలాగూ ఉంటారు, నువ్వు కూడా కాస్త తీసిపెట్టరా" అని. నాకూ అలాగే వచ్చింది, అన్నవరం కొండ మీద పెళ్లి, ముహూర్తం అర్ధరాత్రి దాటాక.

మన పెళ్లిలో ఏదీ మళ్ళీ చెయ్యరు కదండీ, కష్టమంతా అదే. జీలకర్ర బెల్లం పెట్టేదాకా మధ్యలో తెర, అది తియ్యగానే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకునే ఆ చూపు రెండు మూడు సెకన్లే ఉంటుంది, అప్పుడు సెట్టింగులు వెతుక్కుంటే ఇంక దొరకదు, అందుకని షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 250వ వంతు, తక్కువ వెలుగులోనూ తీయడానికి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 3200, 50 ఎంఎం లెన్సు, అన్నీ ముందే పెట్టుకుని కూర్చున్నాను. ఫొటోలో కాస్త గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, వచ్చినా పర్లేదు గానీ మొహం కదిలిపోతే ఏం చెయ్యలేం. పసుపు బల్బులు, వీడియో వాళ్ళ తెల్ల లైటు కలిసిపోతాయి కాబట్టి కెమెరా తనంతట తాను రంగులు దిద్దకుండా ఉంచే రా ఫైల్స్‌లో తీస్తే రంగులు తర్వాత సరిచేసుకోవచ్చు. ఇంకోటి, పంతులుగారు గట్టిమేళం అన్నారంటే తాళి కట్టేస్తున్నారని, చెవి అటు వేసి ఉంచాలి. స్టూడియో వాళ్ళకి మాత్రం అడ్డం వెళ్ళకండి, అది వాళ్ళ అన్నం.

ఇక తీశాక ఎలా ఉన్నాయని అడిగితే ఫ్రెండ్స్ అందరూ "సూపర్ రా" అనే అంటారు, ప్రేమతోనే అంటారు, కానీ దాంతో మనకి ఏమీ తెలీదు. నేను స్టూడియో ఆయన దగ్గరికే వెళ్ళి కూర్చున్నాను. ఆయన ఒక్కో ఫొటో జూమ్ చేసి, "తమ్ముడూ, చూడు, ఈ ట్యూబ్‌లైటు సరిగ్గా పెళ్లికొడుకు తల మీదే ఉంది, నువ్వు రెండడుగులు ఎడమకి జరిగితే చాలు. అమ్మాయి చేతులు తియ్యాలనుకుంటే గోరింటాకు మొత్తం రానీ, వేళ్ళ దగ్గర కొయ్యకు" అన్నాడు. ఎంత పనికొచ్చే మాటలండీ అవి.

కానీ నాకు ఇంకా విలువైన మాట పెళ్లికూతురు వాళ్ళమ్మగారు అన్నది. ఆవిడ వెలుగూ నీడా ఏమీ చూడలేదు, గబగబా తిప్పేస్తూ "బాబూ, మా అన్నయ్య దాన్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చిందేదీ?" అని అడిగారు, అది కనపడగానే ఆగిపోయి చాలాసేపు చూశారు. స్టూడియో ఆయనకి ఫ్రేమ్ కావాలి, ఆవిడకి మనిషి కావాలి, రెండూ నిజమే గానీ పెళ్లి ఫొటోల్లో నా ఓటు మాత్రం ఆవిడకే. అప్పట్నుంచి నేను బాగున్నాయా అని అడగట్లేదు, "ఇందులో ఏది ఫ్రేమ్ కట్టించుకుంటారు, ఎవరు కనపడట్లేదు" అని అడుగుతున్నాను, ఇలా అడిగితే మొహమాటం పోయి అసలు మాట బయటికొస్తుంది. ఫొటోలు మాత్రం పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వండి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, పెద్ద ప్రింటుకి పనికిరాదు.

శ్రావణంలో ఇంకో ఫ్రెండ్ పెళ్లి ఉంది. ఈసారి రెండిళ్ళ అమ్మలనీ ముందే అడిగి మేనమామలు, పెద్దమ్మలు, నాయనమ్మలు ఎవరెవరు వస్తున్నారో రాయించుకుంటున్నాను. ఉంటానండి, నమస్కారం.