గువ్వ కింద, గోల పైన: ఫించ్‌ల షెడ్డులో డైమండ్ డవ్‌లు

[డాబా మీద షెడ్డు, పొద్దున్న ఆరున్నర. నేనింకా కనబడను, కూత ఒక్కటే వినిపిస్తుంది.]

విన్నారు కదా. ఇది మన కరెంటు తీగ మీద కూర్చునే గువ్వ కాదండి, దానికన్నా బాగా చిన్నది. పేరు డైమండ్ డవ్. ముక్కు నుంచి తోక చివరిదాకా 20 సెంటీమీటర్లు, అందులో సగానికి దగ్గరగా తోకే, తూకం వేస్తే ఒక కోడిగుడ్డంత కూడా తూగదు. బూడిదరంగు ఒళ్ళు, రెక్కల మీద సున్నంలో అగ్గిపుల్ల ముంచి పెట్టినట్టు తెల్ల చుక్కలు, కంటి చుట్టూ నారింజ ఎరుపు రింగు. దీని సొంతూరు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు, నాది విజయవాడ సత్యనారాయణపురం. ఎండ విషయంలో ఇద్దరికీ కుదిరింది.

[నేను షెడ్డు ముందు, చేతిలో గింజల డబ్బా.]

నమస్తే అండి. ఫించ్‌లంటే పిచ్చుకల్లాంటి చిన్న గింజల పిట్టలు. వాటిని పెంచేవాళ్ళు నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే: "ఫించ్‌లు ఉన్నాయి, షెడ్డులో కింద ఖాళీగానే ఉంది, ఓ జత డవ్‌లు వేసేద్దామా?" వేయొచ్చు, నేనూ అలాగే వేశాను. కానీ ఆ "కింద ఖాళీగానే ఉంది" అనుకోవడమే నేను చేసిన మొదటి తప్పు. గువ్వ నేల మీద ఏరుకు తినే పిట్ట, పైన ఎవరేం చేసినా చివరికి దాని నెత్తినే పడుతుంది, రెట్టతో సహా. పైగా వేరే జాతి పిట్ట మీద తిరగబడడం దీనికి రాదు, ఊరుకుంటుంది. ఊరుకుంటుంది కాబట్టి మనం అంతా బాగానే ఉందనుకుంటాం, ఒకరోజు పొద్దున్న కింద పడి కనిపించేదాకా.

ముందు షెడ్డు చూడండి. పొడవు 8 అడుగులు, వెడల్పు 4, ఎత్తు ఆరున్నర. చుట్టూ అరంగుళం మెష్, ఇంతకన్నా పెద్ద కన్నైతే చిట్టెలుకలు దూరతాయి, వాటి వెనకాలే పాము. ఇందులో ఒక్క జత డవ్‌లు, మూడు జతల జీబ్రా ఫించ్‌లు, అంతే. రెండో జత డవ్‌లు వేద్దామనుకుంటున్నారేమో, ఇంత చోటులో వద్దండి, జతకట్టే రోజులొస్తే రెండు మగవీ రోజంతా ఒకదాన్నొకటి తరుముకుంటూనే ఉంటాయి, గుడ్లు గాలికి. ఇక బడ్జీలు, అదే పంజరాల్లో పెంచే చిన్న చిలకలు, అసలే వద్దు. గువ్వ కొమ్మ మీద బొమ్మలా కూర్చుంటుంది, బడ్జీకి ఊసుపోక దాని కాలివేళ్ళు కొరుకుతుంది. మా పాత ఆడపిట్టకి ఎడమకాలికి ఒక వేలు లేదు, అలా పోయిందే.

ఇక్కడే చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. మన చెట్ల మీది గువ్వల్ని, మునియాల్ని పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఎవరైనా సంచిలో తెచ్చి అమ్మజూపితే కొనకండి. డైమండ్ డవ్, జీబ్రా ఫించ్ బయటి దేశాల జాతులు, పంజరాల్లో తరతరాలుగా పుట్టి పెరుగుతున్నవే. జావా ఫించ్‌లు మాత్రం సైటీస్ జాబితాలో ఉన్నాయి, అంటే అడవి జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో. అవి పెంచేవాళ్ళు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

[గింజల పళ్ళెం, బాగా దగ్గరగా.]

ఇది చూడండి, పళ్ళెం నిండుగా ఉంది కదా. ఇప్పుడు ఊదుతున్నాను... ఏమైంది? మొత్తం పొట్టు. అడుగున పది గింజలు లేవు. ఫించ్ గింజని ముక్కుతో ఒలిచి, పప్పు తిని, పొట్టు అక్కడే వదిలేస్తుంది. గువ్వకి ఒలవడం రాదు, గింజని గింజలాగే మింగుతుంది. పైనుంచి చూసే మనకి పళ్ళెం నిండా మేత ఉన్నట్టే ఉంటుంది, అది మాత్రం పొట్టు కెలుక్కుంటూ తిరుగుతుంది. అందుకే పొద్దున్నా సాయంత్రం ఊదడం నాకు పళ్ళు తోముకోవడం లాంటిది. ఒలవకుండా మింగుతుంది కాబట్టి లోపల నూరుకోవడానికి దానికి గ్రిట్ కావాలి, సన్న రాళ్ళు. పక్క గిన్నెలో కోడిగుడ్డు పెంకులు కాల్చి నలిపి పెడతాను, ఆడపిట్టకి కాల్షియం తగ్గితే గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. గింజలంటారా, కొర్రలు, వరిగలు, సామలు, కొంచెం సన్న సజ్జలు, అన్నీ మన కిరాణాలో దొరికేవే. పొట్టు తీయనివి అడగండి, తీసినవి త్వరగా పురుగు పడతాయి.

పళ్ళెం మీదుగా ఏ కొమ్మా ఉండకూడదు. రెట్ట పడిన గింజ తింటే కడుపులో పురుగులు, కాక్సిడియా అనే పేగుల రోగం పట్టుకోవచ్చు. ఈ మూల పళ్ళెం మీద నేను అడుగు ఎత్తులో ఒక రేకు కప్పు పెట్టాను, గువ్వ కింద నుంచి నడిచి వెళ్ళి తింటుంది, దానికి అదో చిన్న ఇల్లు. నీళ్ళు కోడిలాగా గుక్క పట్టి తల పైకెత్తి తాగదు, ముక్కు ముంచి పీల్చేస్తుంది, అందుకే ముక్కు మునిగేంత లోతు కావాలి, కానీ పిల్లలు పడితే మునిగిపోకుండా గిన్నెలో గులకరాళ్ళు కూడా కావాలి.

ఇంకొకటి, ఎండలో గువ్వ పక్కకి ఒరిగి, ఒక రెక్క పైకెత్తి, కళ్ళు సగం మూసి పడుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు చచ్చిపోయిందనుకుని తలుపు తీసి లోపలికి ఉరికాను. నా చేతికి దొరక్కుండా హాయిగా ఎగిరిపోయింది.

[రాత్రి తీసిన ముక్క. జీరో బల్బు వెలుగు.]

అసలు టెన్షన్ రాత్రిదండి. చీకట్లో పిల్లి మెష్ మీదికి దూకినా, వీధిలో పెళ్ళి ఊరేగింపు టపాకాయ పేలినా గువ్వ నిటారుగా పైకి లేస్తుంది, తల కప్పుకి కొట్టుకుంటుంది. పోయిన కార్తీకంలో మా మగదానికి నెత్తి మీద చర్మం లేచిపోయింది, బతికింది కానీ ఇప్పటికీ అక్కడ ఈకల్లేవు. కప్పు కింద జానెడు దూరంలో గ్రీన్ నెట్ వదులుగా కట్టాను, తగిలినా మెత్తగా ఉంటుంది. జీరో బల్బు రాత్రంతా వెలుగుతుంది, లేచిన పిట్టకి మళ్ళీ కొమ్మ ఎక్కడుందో కనిపించాలి కదా.

జత కొనేటప్పుడు మోసపోయేది ఎక్కువ. నాకు ఒక షాపులో "బాబాయ్, గ్యారంటీ జత" అని రెండు మగవే అంటగట్టారు, మూడు నెలలు గుడ్ల కోసం ఎదురుచూశాను. గుర్తు కంటి రింగు: మగదానికి వెడల్పుగా, ముదురుగా, ఆడదానికి సన్నగీతలా. అయితే రెండు నెలలు నిండని పిల్లల్లో ఇది తేలదు, కాస్త ఎదిగినవే అడగండి. కూత కూడా వినండి, వంగి, తోక విసనకర్రలా విప్పి, కూస్తూ వెంటపడేది మగది.

ఇప్పుడు గూడు. గువ్వ కట్టే గూడు చూస్తే నవ్వొస్తుంది, నాలుగు పుల్లలు అడ్డం, మూడు నిలువు, కింది నుంచి చూస్తే గుడ్డు కనిపిస్తుంది. అందుకే మనమే అరచేతి వెడల్పు వెదురు బుట్ట, లోతు తక్కువది, ఛాతీ ఎత్తులో మూలకి కట్టి అడుగున కొబ్బరి పీచు కుట్టేయాలి. కుట్టేయాలి అని ఎందుకంటున్నానంటే, జీబ్రా ఫించ్ లాంటి దొంగ ఇంకోటి లేదు. మొదటిసారి మావి రెండు గుడ్లు పెట్టాయి, ఐదో రోజు గుడ్డుని సెల్‌ఫోన్ లైటు ముందు పెడితే ఎర్రటి నరాలు కూడా కనిపించాయి, సంబరపడ్డాను. తొమ్మిదో రోజు పొద్దున్న చూస్తే గుడ్ల మీద గడ్డి, ఈకలు పరిచి ఉన్నాయి, పైన ఫించ్ దర్జాగా కూర్చుంది. గువ్వ పక్క కొమ్మ మీద చూస్తూ ఉంది. ఏమీ అనలేదు. కింది గుడ్లు చల్లబడిపోయాయి. అప్పటినుంచి ఫించ్‌లకి జతకి రెండు చొప్పున కుండలు, అవీ ఎదురు గోడకి, పైన. గువ్వ బుట్ట మీద తాటాకు గొడుగు. ఫించ్‌లు గుడ్లు పెట్టాక గడ్డి వేయడం మానేస్తాను, గడ్డి కనిపిస్తే అవి కడుతూనే ఉంటాయి.

గుడ్లు రెండే, తెల్లవి, 13, 14 రోజుల్లో పొదుగుతాయి. పగలు ఎక్కువసేపు మగది కూర్చుంటుంది, సాయంత్రం నుంచి పొద్దుటిదాకా ఆడది. డ్యూటీ మారేటప్పుడు చూడండి, వచ్చినది పక్కన కూర్చుని ఎదురుచూస్తుంది, ఉన్నది తీరిగ్గా లేస్తుంది, ఆ అర నిమిషం కోసం నేను టీ చల్లార్చుకుంటాను.

[బుట్ట, పైనుంచి. రెండు పిల్లలు.]

పిల్లలకి మొదటి రోజుల్లో తిండి గింజ కాదు, పాలు. అమ్మానాన్నలిద్దరి మేతసంచి లోపలి పొర ఊడి తయారయ్యే చిక్కటి పదార్థం, ఇది పావురం జాతి అన్నింటికీ ఉంది. ఫించ్ పిల్లలకి ఉడికించిన గుడ్డు లాంటివి కావాలి, వీటికి వాటి అవసరం లేదు. అదే కారణంగా రెండు రోజుల పిల్లని తల్లి వదిలేస్తే మన చేత్తో బతికించడం మహా కష్టం.

11, 12 రోజులకే గూట్లోంచి దూకేస్తాయి, అప్పటికి సగం సైజు కూడా ఉండవు, సరిగా ఎగరలేవు. నేల మీద మూలకి కూర్చుంటాయి. ఆ వారం మీరు చెప్పులు చూసుకుని అడుగు వేయాలి, నేల పొడిగా ఉండాలి, చీమలు రాకూడదు. తండ్రి ఇంకో పది రోజులు తినిపిస్తాడు, ఈలోపే ఆడది మళ్ళీ గుడ్లకి కూర్చుంటుంది. నెల దాటాక ఆ తండ్రే పిల్లల్ని తరుముతాడు, అప్పుడు వేరు చేయండి.

ఏడాదికి నాలుగు ఈతలు దాటనివ్వను, తర్వాత ప్లాస్టిక్ గుడ్లు పెట్టేస్తాను, విసిగి వాటంతట అవే లేచిపోతాయి. ఏప్రిల్ వస్తే బుట్ట తీసేస్తాను. ఎడారి పిట్టే అయినా మన ఎండలో కృష్ణా గాలి తేమ కూడా కలుస్తుంది, రేకుల కింద గూట్లో పిల్లలు ఉడికిపోతాయి. రేకు మీద తాటాకులు, మధ్యాహ్నం తాటాకు మీద నీళ్ళు, రోహిణి కార్తె దాటేదాకా ఇదే పని.

[నేల. మూలన బూడిదరంగు ముద్ద.]

అదిగో, పెద్దది ఈరోజే దూకింది, పన్నెండో రోజు. మబ్బు పట్టింది, జల్లు ఇటువైపే కొడుతుంది. కెమెరా ఆపి దాన్ని రేకు కప్పు కిందికి జరపాలి.