ఈ పొగమంచును దేనితో చేశారు? ఆరు యానిమేషన్ లఘుచిత్రాలపై రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో వేర్వేరు దేశాల దర్శకులు తీసిన ఆరు యానిమేషన్ లఘుచిత్రాల గురించి మాట్లాడబోతున్నాను. వీటిలో ఏదీ అరగంట దాటదు; ఒకటైతే ఆరు నిమిషాలు కూడా ఉండదు. వీటన్నిటినీ ఒకచోట చేర్చడానికి కారణం ఉంది. ఒక్కో చిత్రం ఒక్కో పదార్థంలోంచి పుట్టింది: పలుచని కాగితం, నూనెరంగు, బొమ్మ, పూస, సిరా, బొగ్గు. ఆ పదార్థాన్ని మారిస్తే అదే కథ అదే కథగా మిగలదు. అందుకే యానిమేషన్ లఘుచిత్రాన్ని చూసేటప్పుడు కథ ఏమిటన్న ప్రశ్నతో పాటు ఇది దేనితో చేశారన్న ప్రశ్న కూడా వేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటగా యూరీ నోర్‌స్టీన్ 1975లో సోవియట్ యూనియన్‌లోని సోయుజ్‌ముల్త్‌ఫిల్మ్ స్టూడియోలో తీసిన 'హెడ్జ్‌హాగ్ ఇన్ ది ఫాగ్'. నిడివి సుమారు పది నిమిషాలు. ఒక చిన్న ముళ్లపంది రోజూ సాయంత్రం తన మిత్రుడైన ఎలుగుబంటి పిల్ల దగ్గరికి వెళ్తుంది. ఇద్దరూ కూర్చుని చుక్కలు లెక్కపెడతారు. ఒకనాడు జామ్ మూటగట్టుకుని బయలుదేరిన ముళ్లపందికి దారిలో పొగమంచు మధ్య నిలబడిన తెల్లగుర్రం కనిపిస్తుంది. ఈ గుర్రం ఇక్కడే పడుకుంటే పొగమంచులో ఊపిరాడక మునిగిపోతుందా అని దానికి సందేహం కలుగుతుంది. తెలుసుకుందామని తానే పొగమంచులోకి దిగుతుంది. కథ ఇంతే.

ఆ పొగమంచును నోర్‌స్టీన్ ఎలా సాధించాడో తెలిశాక నేను ఈ చిత్రాన్ని మళ్లీ మొదటి నుంచి చూశాను. కత్తిరించిన కాగితపు బొమ్మలను అంతస్తులుగా అమర్చిన గాజు పలకల మీద పరచి, పైనుంచి కెమెరాతో చిత్రీకరించారు. బొమ్మ మీద అతి పలుచని కాగితాన్ని ఉంచి, ఫ్రేము ఫ్రేముకూ కొంచెం కొంచెంగా కెమెరా వైపు ఎత్తుతూ పోతే కింద ఉన్న రూపం మసకబారి, చివరికి తెల్లదనంలో కలిసిపోతుంది. అంటే ఇక్కడ పొగమంచు వెనుక గీసిన బొమ్మ కాదు. ముళ్లపందికీ మనకూ మధ్య నిజంగా ఉన్న ఒక పొర. అందుకే ఆకు రాలినా, గబ్బిలం ఎగిరినా, మహావృక్షపు మొదలు ఎదురైనా అవి తెర మీదికి వచ్చినట్లు అనిపించదు, మనమే వాటిని తడుముకుంటూ వెళ్లి తాకినట్లు అనిపిస్తుంది. బొమ్మలకు రూపమిచ్చింది నోర్‌స్టీన్ భార్య, చిత్రకారిణి ఫ్రాన్చెస్కా యార్బుసోవా. ఆ ముళ్లపంది ముఖంలో భయమూ కుతూహలమూ ఒకేసారి కనిపించేలా చేసిన ఘనత ఆమెది. నదిలో పడిపోయిన ముళ్లపందిని వీపు మీద మోసి ఒడ్డుకు చేర్చే జీవి ఎవరో చిత్రం చెప్పదు, చెప్పకపోవడమే సబబు. ఈ ఆరింటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే. దీనిలో నేను ఒక్క ఫ్రేమును కూడా వదులుకోలేను.

నోర్‌స్టీన్ శిష్యులలో ఒకరైన అలెగ్జాండర్ పెట్రోవ్ 1999లో పూర్తిచేసిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ' విషయంలో నా అభిప్రాయం ఇంత ఏకపక్షంగా లేదు. హెమింగ్వే నవలిక ఆధారంగా రష్యా, కెనడా, జపాన్ కలిసి నిర్మించిన ఈ ఇరవై నిమిషాల చిత్రానికి 2000లో ఆస్కార్ వచ్చింది. పెట్రోవ్ ఆలస్యంగా ఆరే నూనెరంగులను గాజు మీద ఎక్కువగా వేళ్లతోనే అద్ది బొమ్మ వేస్తాడు. దాన్ని ఫొటో తీసి, అదే రంగును కొద్దిగా జరిపి తరువాతి బొమ్మగా మారుస్తాడు. ఇలా 29,000కు పైగా చిత్రాలు వేశారు. ఒక చిత్రం పుట్టాలంటే దాని ముందుది చెరిగిపోవాలి. కాబట్టి తప్పు జరిగితే వెనక్కి వెళ్లే దారి లేదు. రోజుల తరబడి ఒంటరిగా చేపతో పెనుగులాడే ముసలివాడి కథకు ఇంతకంటే తగిన పద్ధతి నాకు తోచదు. కలలో ముసలివాడూ ఆ పెద్ద చేపా పక్కపక్కనే ఈదే ఘట్టంలో నీరు ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు, ఎందుకంటే రెండూ ఒకే తడి రంగు.

అయితే, ఆ రంగులు అంత బలంగా మాట్లాడుతున్నప్పుడు మాటలు ఎందుకని నాకు పదే పదే అనిపించింది. ముసలివాడి ముఖమూ చేతులూ అప్పటికే చెప్పిన సంగతిని సంభాషణలు మళ్లీ చెబుతాయి. పైగా మనుషుల కదలికలు కొన్నిచోట్ల నిజ జీవితానికి మరీ దగ్గరగా ఉండి, రంగుకు ఉన్న స్వేచ్ఛను తగ్గిస్తాయి. సముద్రం కనిపించినంతసేపు ఇది మహత్తరమైన చిత్రం. మనుషులు మాట్లాడేటప్పుడు మంచి చిత్రం.

ఇక యిర్జీ ట్రన్కా 1965లో చెకొస్లొవేకియాలో తీసిన 'ది హ్యాండ్'. ఇది ఆయన చివరి చిత్రం, పద్దెనిమిది నిమిషాలది. ఒక కుమ్మరి తన పూలమొక్క కోసం కుండలు చేసుకుంటూ ఒక గదిలో బతుకుతుంటాడు. ఒకరోజు ఒక పెద్ద చెయ్యి గదిలోకి వచ్చి, కుండలు మాని చేతి విగ్రహం చెయ్యమంటుంది. అతడు ఒప్పుకోడు. చెయ్యి బుజ్జగిస్తుంది, ఆశపెడుతుంది, చివరికి అతడిని బంగారు పంజరంలో పెట్టి, ఒంటికి తాళ్లు కట్టి తనకు కావలసిన విగ్రహం చెక్కిస్తుంది.

ఈ చిత్రంలో కుమ్మరి బొమ్మ. చెయ్యి మాత్రం తొడుగు వేసుకున్న నిజమైన మనిషి చెయ్యి. బొమ్మల చిత్రాలలో ప్రతి కదలిక వెనుకా ఒక మనిషి చెయ్యి ఉంటుంది, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య బొమ్మను జరిపి తప్పుకుంటుంది. అది తెర మీద కనబడకపోవడమే ఆ కళలో ప్రధాన నియమం. జీవితమంతా ఆ నియమం పాటించిన ట్రన్కా చివరిసారి ఆ చేతిని తెర మీదికి తెచ్చి, దాన్నే శత్రువును చేశాడు. అధికారం కళాకారుడిని ఎలా ఆడిస్తుందో చెప్పడానికి ఒక్క మాట కూడా అవసరం లేకపోయింది. 1969లో ట్రన్కా మరణించిన తరువాత ఆయన దేశంలోనే ఈ చిత్రాన్ని నిషేధించారు. ముగింపును నేను చెప్పను. ఆ చెయ్యి చివరగా చేసే పనిని మీరే చూడాలి.

ఇషు పటేల్ 1977లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో తీసిన 'బీడ్ గేమ్' ఆరు నిమిషాల లోపు ముగుస్తుంది. నల్లటి నేపథ్యం మీద వేలాది పూసలు ఒక ప్రాణి రూపం కడతాయి. మరో ప్రాణి వచ్చి దాన్ని మింగుతుంది. ఆ పూసలే ఇంకో ఆకారంగా తేలుతాయి. చంపినదీ చచ్చినదీ అవే పూసలు కావడం చూస్తుంటే హింస గురించి విడిగా వ్యాఖ్యానం అక్కరలేదనిపిస్తుంది. వెనుక వినిపించే తబలా వేగం పెరిగేకొద్దీ యుద్ధం వేగం పెరుగుతుంది. దీన్ని మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూడండి.

షాంఘై యానిమేషన్ ఫిల్మ్ స్టూడియో 1960ల మొదట్లో చేసిన 'వేర్ ఈజ్ మామా' తల్లిని వెతుక్కునే కప్పపిల్లల కథ. దీన్ని చిన్నపిల్లల చిత్రమని పక్కనపెట్టకండి. చైనా చిత్రకారుడు చీ బైషీ సిరా చిత్రాల శైలిని అందులో కదిలించారు. మామూలు యానిమేషన్‌లో ముందు గీత గీసి, దాని లోపల రంగు నింపుతారు. ఇక్కడ గీతే లేదు, తడి కాగితం మీద ఇంకినట్లు కనిపించే సిరా అంచులే ఉన్నాయి. తోకలాడిస్తూ పోయే ఆ నల్లచుక్కలు నీటిలో ఉన్నాయని నమ్మించడానికి నీటిని గీయవలసిన అవసరమే రాలేదు. కథ మాత్రం ఒకే సంఘటనను పదే పదే తిప్పుతుంది, పెద్దలకు మధ్యలో కొంత నెమ్మదిగా అనిపించవచ్చు.

చివరిది మైఖేల్ డుడోక్ డి విట్ 2000లో తీసిన 'ఫాదర్ అండ్ డాటర్'. ఎనిమిది నిమిషాలు, మరుసటి ఏడాది ఆస్కార్ అందుకుంది. తండ్రి కూతురిని కౌగిలించుకుని పడవెక్కి వెళ్లిపోతాడు. ఆమె సైకిలు మీద ఆ గట్టుకు మళ్లీ మళ్లీ వస్తుంది, పెరుగుతుంది, ముసలిదవుతుంది. పెన్సిల్, బొగ్గు గీతలతో వేసిన ఈ బొమ్మలలో మనుషులు చాలా చిన్నగా, దూరంగా ఉంటారు. ముఖాలు దాదాపు కనిపించవు. ఏడుపును దగ్గరగా చూపించే అవకాశాన్ని దర్శకుడు ప్రతిసారీ వదులుకున్నాడు. దానికి బదులు గాలి చూపించాడు: ఎదురుగాలిలో బరువుగా తొక్కే పిల్ల, అదే గాలి వెనుక నుంచి తోస్తే తేలిగ్గా దొర్లిపోయే చక్రాలు, నేల మీద సాగే నీడ. ముసలితనంలో ఆమె సైకిలును నిలబెట్టాలని చూసే క్షణం ఒకటి ఉంది. సైకిలు పడిపోతుంది, మళ్లీ నిలబెడుతుంది, మళ్లీ పడిపోతుంది. ఆ తరువాత ఆమె దాన్ని అలాగే వదిలేసి గట్టు దిగుతుంది.