ఫ్యూజు లేని కేబుల్

నమస్కారమండీ. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదవమని చీటీ ఇచ్చారు, అది జేబులోనే ఉంచుతున్నా, ఎందుకంటే అటు బిర్యానీ మూతలు తీసేలోపు నేను ముగించాలట. 1964 పోంటియాక్ జీటీవోతో మొదలుపెట్టి మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజన్ పెట్టిన పాత అమెరికన్ దూకుడు కార్ల, చరిత్ర చెప్పమన్నారు. చరిత్ర ఎక్కడికీ పోదు. నేను బ్యాటరీ నుంచి స్టార్టర్‌కి, అంటే ఇంజన్‌ని తిప్పి లేపే మోటారుకి, వెళ్లే లావు కేబుల్ గురించే మాట్లాడతా.

దానికి ఫ్యూజు లేదు. ఇంజన్ తిప్పడానికి వందల ఆంపియర్లు కావాలి కాబట్టి ఆ కాలం కార్లలో నేరుగా కలిపేశారు. పైతొడుగు కరిగి లోపలి రాగి బాడీకి తగిలిందా, ఇక ఆపేవాడు లేడు. తాళం చెవి మీ జేబులో ఉన్నా సరే, కారు అంటుకుంటుంది.

మా స్నేహితుడికి 1969 షెవర్లే కమారో ఉంది, 350 ఘనపు అంగుళాల ఇంజన్. రిస్టోరేషన్‌కి ఒక షాపుకిచ్చాడు. పెయింటు అద్దంలా వేశారు, సీట్ల కుట్లు కూడా అచ్చం పాతవే అన్నట్టు కుట్టారు. పొద్దున చల్లగా ఉంటే ఠక్కున స్టార్టయ్యేది. హైవే మీద నడిపి గ్యాస్ స్టేషన్లో ఆపితే మాత్రం టక్ అని ఒక చప్పుడు, అంతే. షాపు వాళ్లు స్టార్టర్ మార్చారు, బ్యాటరీ మార్చారు, మళ్లీ స్టార్టరే మార్చారు, ప్రతిసారీ బిల్లు. వాళ్లావిడ ఆ కారెక్కడం మానేసింది. చివరికి స్టాండ్ల మీద పెట్టి కింద దూరి చూస్తే ఏముంది, కేబుల్ హెడర్ పైపు మీద, అంటే ఇంజన్ నుంచి వేడి పొగ తెచ్చే ఎగ్జాస్ట్ గొట్టం మీద, పడుకుని ఉంది. దాన్ని కట్టిన ప్లాస్టిక్ జిప్ టై కరిగి కారిపోయింది. ప్లాస్టిక్ అండీ! ఎగ్జాస్ట్ పక్కన! అన్ని వేల డాలర్లు తీసుకున్నవాళ్లకి ఒక ఇనప క్లిప్పు దొరకలేదా?

వెనకాల మాట్లాడుకునేవాళ్లు, ఇది వినండి. రాగి వంద సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాని నిరోధం నలభై శాతం దాకా పెరుగుతుంది. పక్కన సోలెనాయిడ్, అంటే స్టార్టర్‌కి కరెంటు కలిపే స్విచ్, కూడా ఉడుకుతుంటుంది, ఇక స్టార్టర్ ఏం తిరుగుతుంది?

ఆ కమారోలో బ్యాటరీ, స్టార్టర్ రెండూ ప్యాసింజర్ వైపే. అందుకే అడ్డదారిలో, ఎగ్జాస్ట్ మీదుగా లాగేయాలనిపిస్తుంది. అలా చేయొద్దు. ముందువైపే కిందికి దించి, ఇంజన్ అడుగు వెంబడి, ఇనప క్లిప్పులతో పట్టించి వెనక్కి తేవాలి. గ్యాస్ తొక్కితే ఇంజన్ మౌంట్ల మీద ఒక పక్కకి ఊగుతుంది కదా, ఫ్రేముకీ ఇంజనుకీ మధ్య కాస్త వదులుంచండి. కేబుల్ కొసనున్న లగ్గు, అంటే బోల్టుకి బిగించే లోహపు చివర, స్టార్టర్ ఒంటికి ఆనకూడదు. సోలెనాయిడ్‌కి వచ్చే సన్న వైర్లలో ఊదాది ఎస్ టెర్మినల్‌కి, పసుపుది ఆర్‌కి. అవి ఫైర్‌వాల్, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ, వైపు నుంచి దిగుతాయి, వాటినీ ఎగ్జాస్ట్‌కి దూరంగానే పెట్టండి.

ఫోర్డ్ ముస్తాంగ్ వాళ్లు నవ్వుతున్నారు, మీకు స్టార్టర్ స్విచ్, అంటే రిలే, ఎగ్జాస్ట్‌కి దూరంగా ఫెండర్ లోపలే ఉంది మరి. ఆ ఫోర్డ్ రిలే తెచ్చి షెవర్లే కార్లకి పెట్టుకునేవాళ్లున్నారు, పనిచేస్తుంది కూడా. కానీ కాలుతున్న కేబుల్‌ని అలాగే వదిలేసి రిలే పెట్టడం నాకు నచ్చదు.

అన్నట్టు ఎర్త్ మరిచిపోకండి. నెగటివ్ కేబుల్ ఇంజన్ బ్లాకుకి గట్టిగా బిగించి ఉండాలి. లేకపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుని దాన్నీ కాలుస్తుంది. స్టార్టర్‌తో ఇంజన్ తిప్పుతూ వోల్టు మీటరు పెట్టి చూడండి, పాజిటివ్ వైపు, బ్యాటరీకీ స్టార్టర్‌కీ మధ్య, అర వోల్టుకి మించి పడిపోతుంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

భోజనాలయ్యాక పార్కింగ్‌లోకి రండి, మీ కార్ల కింద నేనే చూస్తా. రెంచీలు నా దగ్గరున్నాయి. నెగటివ్ ఊడదీసేదాకా మాత్రం ఎవరూ చెయ్యి పెట్టొద్దు.